ఉరుకు దరువు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు ఒక మాట చెప్పి పోయారు. ఆ చెప్పినాయనకు రొయ్యల ఫ్యాక్టరీలో పని చేసే ఖర్మ పట్టి ఉండదు. అక్కడ నిలబడే ఉంటారు, నీళ్లతోనే ఉంటారు. తాగడానికి కాదు, ఐసు నీళ్లలో చేతులు ముంచి పొద్దస్తమానం రొయ్యలు వలవడానికి. గుల్నాజ్ అలా ఐదేళ్లు నిలబడింది. ఇక పరుగెత్తడమే మేలని ఆమెకు తోచిందంటే తప్పు పట్టడానికి మనమెవరం?

తాడేపల్లిగూడెంలో కాపురం మూడేళ్లకే ముగిసి ఏలూరులో పుట్టింటికి వచ్చేసిన మనిషి గుల్నాజ్. వచ్చిన వారానికే ఫ్యాక్టరీ బస్సెక్కింది. ఆ బస్సు తెల్లారకముందే వీధి మొగలో హారన్ కొడుతుంది. కొల్లేరు వైపు తీసుకుపోయి, పొద్దు వాలాక తెచ్చి పడేస్తుంది. బల్ల దగ్గర పని ఒకటే. తల తుంచాలి, తోలు వలవాలి, తట్టలో వెయ్యాలి. తల, తోలు, తట్ట. సూపర్‌వైజరు స్టీలు గరిటెతో బల్ల అంచు మీద కొడుతూ, "చెయ్యాడాలమ్మా, చెయ్యాడాలి" అంటూ తిరుగుతుంటాడు. ఇంటికొచ్చి పడుకున్నా ఆమె వేళ్లు దుప్పటి మీద ఆడుతూనే ఉండేవి. "నిద్దట్లో కూడా ఎవరికే వలిచిపెడతన్నావు?" అంటూ తల్లి సైదాబీ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని ఆపేది.

ఐసుకూ ఉప్పుకూ వేలికొసలు పగిలి, మాని, మళ్లీ పగిలి, చివరికి నున్నగా అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషను ఆమె వేలిముద్రను ఒప్పుకోవడం మానేసింది. "నువ్వు నువ్వు కాదంటందమ్మా ఇది" అని డీలరు నవ్వాడు. వెనక లైన్లో వాళ్లూ నవ్వారు. గుల్నాజ్ కూడా నవ్వబోయి, వేలు కొంగుకు తుడుచుకుంది. నేను నేను కాకుండా పోయే దాకా ఆ బల్ల దగ్గరే నిలబడతానా అని ఆ రోజంతా కుమిలింది.

కానిస్టేబుల్ పోస్టులు పడ్డాయని అదే బల్ల దగ్గర పని చేసే హెప్సిబా చెప్పింది. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. బస్సు కుదుపుల్లో పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివి గుల్నాజ్ రాత పరీక్ష గట్టెక్కింది. హెప్సిబా కూడా గట్టెక్కింది. ఇక మిగిలింది పరుగు. గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, పదహారు వందల మీటర్లు, పదిన్నర నిమిషాల్లో. వయసు లెక్కలో గుల్నాజ్‌కు ఇదే ఆఖరి నోటిఫికేషను. మళ్లీది పడేసరికి గవర్నమెంటు దృష్టిలో ఆమె ముసలిది.

బస్సు వెళ్లిపోతుంటే కూడా పరుగెత్తని మనిషి ఆమె. ఇప్పుడు బస్సు దిగి పరుగెత్తాలి. సాయంత్రం తిరుగు బస్సు పెదపాడు దాకా వచ్చాక ఇద్దరూ అక్కడే దిగిపోయేవారు. చేపల చెరువు గట్టు మీద నాలుగు చుట్లు తిరిగితే లెక్క సరిపోతుందని హెప్సిబా ఫోనులో కొలిచి చూసింది. హెప్సిబాకు ఇరవై రెండేళ్లు, మేక కాళ్లు. గుల్నాజ్ మొదటి రోజు ఒక్క చుట్టు పూర్తి చేయలేదు. చెరువు కాపలావాడి కుక్క మొదట తరుముకుంటూ వచ్చింది. తర్వాత పక్కన నడిచింది. ఆ తర్వాత విసుగొచ్చి పడుకుంది. గుల్నాజ్ మేత బస్తాల పక్కన కూలబడి వాంతి చేసుకుంది.

అలా పది రోజులు గడిచాయి. డొక్కలో పోటు, మోకాళ్లలో సలుపు, నోట్లో ఇనుము రుచి. నాలుగు చుట్లు కాదు గదా, రెండో చుట్టు మధ్యలోనే ఒళ్లు మొరాయించేది. కాళ్లను తిట్టేది, ఊపిరిని తిట్టేది, ఎవరూ లేనప్పుడు గట్టు మీద కూర్చుని ఏడ్చేది. "పాటలు పెట్టుకుని పరిగెత్తక్కా, నెప్పి తెలీదు" అని హెప్సిబా తన ఇయర్‌ఫోన్లు ఇచ్చింది. సినిమా పాటలు పెట్టి చూసింది. ఒకటి ఉరికిస్తుంది, ఇంకొకటి ఊయల ఊపుతుంది, మధ్యలో అడ్వర్టైజుమెంటు వస్తుంది. విసుగొచ్చి వేలితో ఫోనును కిందికీ పైకీ తోస్తుంటే, ఉండి ఊళ్లో జరిగిన ఒక పెళ్లి వీడియో దొరికింది.

దాని సంగతి చెప్పాలంటే ఆమె తండ్రి సంగతి చెప్పాలి. అబ్దుల్ సత్తార్‌ను ఏలూరులో సత్తార్ మాస్టారంటారు. బ్యాండు మేళం ఆయనది. ఎర్ర కోటు, బంగారు రంగు అంచులు, మెడలో సైడు డ్రమ్ము. ఊరేగింపు మెల్లగా మొదలుపెట్టి, ఆడపిల్ల వారి వీధి మలుపు తిరిగాక ఉరుకు దరువు ఎత్తుకునేవాడు. ఆ దరువు పడితే మోకాళ్ల నొప్పుల ముసలాయన కూడా కండువా గాల్లో తిప్పాల్సిందే. ఆయన మేళంలో కట్టుబాటు ఒకటే. మాస్టారి చెయ్యే గడియారం. ఆయన పెంచితే పెంచాలి, తగ్గిస్తే తగ్గించాలి. ఎందుకు తగ్గిందని అడగడం ఆ కోటు తొడుక్కున్నవాడు చేసే పని కాదు.

ఎనిమిదేళ్ల కిందట ఉండిలో ఒక పెళ్లికి డీజే బాక్సులు కూడా పిలిచారు. నడివీధిలో డీజే జనరేటరు చచ్చింది. అప్పటిదాకా ఓ మూల నిలబెట్టిన మేళం ముందుకొచ్చింది. సత్తార్ మాస్టారికి కడుపు మండి ఉంది. ఆ మంటంతా చేతుల్లోకి దిగింది. అంత ఉరుకు దరువు ఆయన అంతకు ముందు వాయించలేదు, తర్వాతా వాయించలేదని బుల్లిరాజు ఇప్పటికీ చెబుతాడు. బుల్లిరాజుది క్లారినెట్టు. ఎవరో తీసిన ఆ వీడియో చేతులు మారి గుల్నాజ్ ఫోనుకు చేరింది. అటు తర్వాత ప్రతి పెళ్లికీ జనరేటర్లు బాగానే పని చేశాయి, మేళమే మూల పడింది. ఒకప్పుడు కోట్లు చాలక అద్దెకు తెచ్చిన బ్యాండులో ఇప్పుడు మిగిలింది ముగ్గురు.

ఆ దరువు చెవిలో పెట్టుకుని గట్టు మీద అడుగు వేసిన సాయంత్రం గుల్నాజ్ పరుగెత్తలేదు. కాళ్లు పరుగెత్తాయి, ఆమె వాటి వెంట వెళ్లింది. డొక్కలో పోటు వచ్చింది గానీ దాని మాట వినడానికి తీరిక లేదు. డ్రమ్ము కర్ర పడ్డచోటల్లా పాదం పడుతోంది. మూడు చుట్లు అయ్యాక గాని ఆమెకు లెక్క గుర్తు రాలేదు. చెరువులో వాలిన గూడకొంగలు ఆ అడుగుల చప్పుడుకు లేచి అవతలి గట్టుకు పోయాయి.

రోజులు గడిచాయి. వీడియోలో ఒకచోట డ్రమ్ము ఆగకుండా ఉరిమి, దాని మీంచి బుల్లిరాజు క్లారినెట్టు కూత పెట్టి పైకి లేస్తుంది. సరిగ్గా ఆ కూతకు ఆమె రెండో చుట్టు ముగిసేది. అదే ఆమె కొలబద్ద. కూత ముందొస్తే తను వెనకబడ్డట్టు. నెలన్నర తిరిగేసరికి నాలుగు చుట్లూ పదిన్నర నిమిషాల లోపు ముగించింది. హెప్సిబా ఆమె కంటే వెనకబడింది. "ఏంటక్కా, మీ నాన్నగారి మేళం నీకు పెట్రోలా?" అని వగరుస్తూ అడిగింది. గుల్నాజ్ చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. పరీక్ష వారం రోజుల్లో పడుతుందనగా హాల్‌టికెట్లు వచ్చాయి. ఫోన్లు, ఇయర్‌ఫోన్లు, చేతి వాచీ కూడా గ్రౌండులోకి తేకూడదని వాటి వెనక అచ్చేసి ఉంది. లోకంలో అందరికీ తెలిసిన సంగతే. అయినా తెలిసిన సంగతిని తలుచుకోకుండా ఉండటం మనిషికి వెన్నతో పెట్టిన విద్య గదా.

ఆ సాయంత్రం ఆమె ఇయర్‌ఫోన్లు తీసి హెప్సిబాకు ఇచ్చి పరుగెత్తింది. మొదటి చుట్టులోనే తన ఊపిరి తనకు వినపడింది. ఎవరో వెనక రంపం లాగుతున్నట్టుంది. ఇన్నాళ్లూ లోపల ఇంత చప్పుడు జరుగుతోందా అని భయమేసింది. భయానికి అడుగు తప్పింది. మోకాలు గుర్తొచ్చింది, డొక్క గుర్తొచ్చింది, వయసు గుర్తొచ్చింది. రెండో చుట్టులో నిలబడిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నోటితో దరువు పాడుకుంటూ పరుగెత్తబోతే ఉన్న ఊపిరి కాస్తా పోయి మొదటి చుట్టులోనే కూలబడింది.

"ఇన్నాళ్లూ పరిగెత్తింది నేను కాదే," అంది హెప్సిబాతో. "మా నాన్న చెయ్యి. నాకేం రాదు. నేను బల్ల దగ్గరే చచ్చిపోతాను."

ఇంటికి వెళ్లి తండ్రి ముందు కూర్చుని అదే మాట చెప్పింది. సత్తార్ మాస్టారు టీ తాగుతున్నాడు. గ్లాసు సాసరు మీద టకటకలాడింది. ఈ మధ్య ఆ చెయ్యి అలా ఆడుతుంటే ఆయన చలి అంటాడు. ఏలూరు ఎండల్లో చలేంటని అడగలేదెవరూ.

"ఫోనుని లోపలికి రానివ్వరు, అంతేనా?" అన్నాడాయన. "నన్ను రోడ్డు మీద నిలబడొద్దనే రూలుందా?"

గుల్నాజ్ తలెత్తి చూసింది.

"గ్రౌండు గోడ పక్కనే గదమ్మా రోడ్డు. మేం ముగ్గురం నిలబడతాం. నువ్వు లోపల, నేను బయట. ఆ ఉండి దరువే వాయిస్తాను, నాలుగు రౌండ్లూ."

"పోలీసోళ్లు ఊరుకుంటారాండి నాన్నా?"

"పెళ్లికొడుకు కారు కోసం చూస్తన్నామంటాం. కోట్లేసుకుని నిలబడ్డ మేళాన్ని ఎవడన్నా అనుమానిస్తాడా?"

సైదాబీ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏవండీ, ముందోసారి పిల్ల చేత గట్టు మీద పరిగెత్తించి, మీరు వాయించి చూసుకోండి. అలవాటవుద్ది."

మాస్టారికి రోషం వచ్చింది. "నా దరువు నేను ప్రాక్టీసు చెయ్యాలా? చేపపిల్లకి ఈత నేర్పుతావేంటి?"

అక్కడితో ఆ మాట ముగిసింది. కాస్త అడిగి ఉంటే బాగుండేది. కానీ ఆ ఇంట్లో మాస్టారి చేతిని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గుల్నాజ్‌కు అసలు అనుమానమే రాలేదు. పెళ్లిళ్ల వేళలన్నీ ఫ్యాక్టరీలోనే గడిచాయి. తండ్రి వాయిస్తుంటే ఎదురుగా విని ఆమెకు ఐదేళ్లు దాటింది. ఆమెకు తెలిసిన సత్తార్ మాస్టారు ఫోనులో ఉన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్నే మేళం సిద్ధమైంది. కోటు బొత్తాలు సైదాబీయే పెట్టింది. పెద్ద డ్రమ్ము దేవరాజు, క్లారినెట్టు బుల్లిరాజు. పెద్దింటి పెళ్లికి వెళ్తున్నంత గంభీరంగా ముగ్గురూ ఆటో ఎక్కారు. గేటు దగ్గర గుల్నాజ్ తన ఫోను తండ్రి కోటు జేబులో పెట్టి, ఆయన చేతిని కళ్లకద్దుకుంది. "నీకు వినపడేట్టు కొడతాను, భయపడకు" అన్నాడాయన.

లోపల వేలిముద్రల మిషను ఆమె బొటనవేలిని ఒప్పుకోలేదు. రెండో వేలినీ ఒప్పుకోలేదు. వెనక వాళ్లు గొణిగారు. ఇంత దూరం వచ్చి, నువ్వు నువ్వు కాదని ఇక్కడా అనిపించుకోవాలా? వేలిని జుట్టులోని నూనెకు రుద్ది మళ్లీ పెట్టింది. ఏ కళనుందో మిషను పచ్చ దీపం వెలిగించింది. ఛాతీ మీద నంబరు కట్టారు, మొదటి గుంపులోనే నిలబెట్టారు. పక్కన హెప్సిబా. ఎదురుగా, పరుగు మొదలయ్యే సున్నపు గీత దగ్గర, పెద్ద బోర్డు మీద గడియారం.

రోడ్డు వైపు ఇనప కటకటాల గేటు ఒకటుంది, తాళం వేసి. దాని వెనక ఎర్ర కోట్లు కనిపించాయి. విజిలు మోగింది.

మరుక్షణం డ్రమ్ము మీద కర్ర పడింది. గుల్నాజ్‌కు ఒళ్లు ఝల్లుమంది. ఫోనులో విన్నదీ ఇదీ ఒకటి కాదు. ఇది గాల్లోంచి వచ్చి పక్కటెముకలకు తగులుతోంది. కాళ్లు కదిలాయి. లైన్లో నిలబడ్డ అభ్యర్థులు గోడ వైపు చూసి నవ్వుకున్నారు. ఒక కానిస్టేబుల్ కటకటాల దగ్గరికి వెళ్లి ఏదో అడిగాడు. బుల్లిరాజు రోడ్డు మలుపు వైపు చెయ్యి చూపిస్తూ పెళ్లికొడుకు గురించి చెప్పి ఉంటాడు. కానిస్టేబుల్ వెనక్కి వచ్చేశాడు.

మొదటి రౌండు హాయిగా ముగిసింది. అంత హాయి గట్టు మీద ఒక్కనాడూ లేదు. డొక్కలో పోటు లేదు, నోట్లో ఇనుము లేదు. ఇన్నాళ్ల కష్టం ఊరికే పోలేదు, ఒళ్లు తయారైపోయింది అనుకుంది. హెప్సిబా పక్కనుంచి దాటి ముందుకు పోయింది. పోనీలే పిచ్చిపిల్ల, చివర్లో అలిసిపోతుంది అనుకుంది. ఇంకొకరు దాటారు. ఇంకో ఇద్దరు దాటారు. వీళ్లంతా ఎందుకిలా తొందరపడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు. కటకటాల ముందు నుంచి వెళ్తూ తండ్రి వైపు చూసి చెయ్యి ఊపింది. ఆయన మీసాల్లో నవ్వాడు.

రెండో రౌండు ముగుస్తూ గీత దాటింది. క్లారినెట్టు కూత రాలేదు.

బోర్డు వైపు చూసింది. సగం పరుగు అయింది. సగం కంటే చాలా ఎక్కువ కాలం అయిపోయింది. బోర్డు తప్పేమో అనుకుంది. పాపం, ఆశకు ఉన్న తెలివితేటలు ఇంకెవరికీ ఉండవు. మలుపు తిరిగి చాలా దూరం వెళ్లాక అప్పుడు, తీరిగ్గా, బుల్లిరాజు క్లారినెట్టు కూత పెట్టింది.

గుల్నాజ్‌కు అప్పుడు అర్థమైంది. దరువు అదే. వరస అదే. ఒక్క దెబ్బ కూడా తప్పు పడటం లేదు. మెల్లగా పడుతోంది, అంతే. దేవరాజు పెద్ద డ్రమ్ము ఆ మెల్లదనానికి సరిపోతోంది, బుల్లిరాజు ఊపిరి దానికి సరిపోతోంది. ముగ్గురూ కలిసి ఎంత చక్కగా ఉన్నారంటే, తండ్రికి తన చెయ్యి తగ్గిన సంగతి తెలిసే దారే లేదు. నాన్న ముసలివాడైపోయాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆ గ్రౌండు మధ్యలో ఆమె కాళ్లు చెప్పాయి.

వేగం పెంచబోయింది. నాలుగు అడుగులు పెరిగాయి, అయిదో అడుగు మళ్లీ డ్రమ్ము మీద పడింది. మళ్లీ పెంచింది. మళ్లీ ఆ చెయ్యి వచ్చి పట్టుకుని వెనక్కి లాగింది. నెలన్నర పాటు ఆ చేతికి అప్పగించేసిన కాళ్లు అవి, ఇప్పుడు తన మాట వినమంటే ఎలా వింటాయి? ఆపండి నాన్నా అని అరవాలనిపించింది. అరవడానికి ఊపిరి లేదు. ఫ్యాక్టరీ బల్ల కళ్ల ముందు కనిపించింది, ఐసు, గరిటె చప్పుడు, దుప్పటి మీద ఆడే వేళ్లు. జన్మంతా అదే. నాన్న చేతులారా నన్ను తీసుకెళ్లి అక్కడే నిలబెడుతున్నాడు, నవ్వుతూ నిలబెడుతున్నాడు అనుకుంది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే రెండు చేతులూ ఎత్తి చెవులు గట్టిగా మూసుకుంది.

చెవులు మూసుకుని పరుగెత్తే మనిషిని మీరు చూసి ఉండరు. మోచేతులు రెండూ పక్కలకు చాచి, ఈత రానివాడు నీళ్లలో పడ్డట్టు ఉంటుంది. గీత పక్కన నిలబడ్డ సారు "చేతులు దించమ్మా!" అని అరిచాడు. ఆమెకు వినపడలేదు. కాళ్లకు పగ్గం తెగింది. ఒకళ్లను దాటింది, ఇద్దరిని దాటింది. మూడో రౌండు ముగిసే ముందు మలుపు తిరిగితే ఎదురుగా ఆ కటకటాల గేటు.

తల తిప్పుకోవాలనుకుంది. తిప్పుకోలేకపోయింది. సత్తార్ మాస్టారు చువ్వల సందులోంచి కూతురినే చూస్తున్నాడు. చెవుల మీద చేతులు చూశాడు. కర్రలు ఇంకా ఆడుతున్నాయి, మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ తర్వాత కర్రలు ఆగాయి. మాస్టారు ఆగితే మేళం ఆగాలి. బుల్లిరాజు క్లారినెట్టు నోట్లోనే ఉండిపోయింది.

గుల్నాజ్ చేతులు దించేసరికి గ్రౌండంతా నిశ్శబ్దంగా ఉంది. ఇంకా ఒక రౌండుంది. ఇక ఎవరి చెయ్యీ లేదు. వెనకనుంచి రంపం చప్పుడు వచ్చి చెవిలో కూర్చుంది. డొక్కలో పోటు లేచింది. అడుగు తడబడింది, అయిపోయింది, ఇక్కడే పడిపోతాను అనుకుంది. అప్పుడు ఎక్కడినుంచో, పిలవని పేరంటంలా, ఆ పాడు లెక్క వచ్చింది. తల, తోలు, తట్ట. తల, తోలు, తట్ట. ఐదేళ్లు చేతులు వల్లించిన లెక్క. దాన్ని ఆమె అసహ్యించుకుంది, అసహ్యించుకుంటూనే దాని మీద అడుగు వేసింది. ఆ బల్ల మీద ఆమె చెయ్యి ఎవరికంటే తక్కువ ఆడిందని? సూపర్‌వైజరు గరిటె పట్టుకుని తన వెనకే నిలబడ్డట్టు పరుగెత్తింది. కళ్లు మసకబారాయి. గీత ఎక్కడుందో తెలియలేదు. హెప్సిబా అవతలి వైపు నిలబడి చేతులు చాపి ఏదో అరుస్తుంటే ఆ చేతుల్లోకి వెళ్లి పడింది.

"అయ్యిందక్కా, అయ్యింది, బోర్డు చూడు" అంటోంది హెప్సిబా. బోర్డు మీద పదిన్నర నిమిషాలు నిండటానికి ఇంకా రెప్పపాటు ఉంది. గుల్నాజ్ గడ్డి మీద బోర్లా పడుకుని ఏడ్చింది. సంతోషానికే అనుకుని పక్కవాళ్లు వీపు తట్టారు.

పేరు రాసుకుని, సంతకం పెట్టించుకుని పంపేశాక కూడా ఆమెకు బయటికి పోబుద్ధి కాలేదు. కొళాయి దగ్గర మొహం కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. చివరికి హెప్సిబా చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

సత్తార్ మాస్టారు సోడాబండి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డ్రమ్ము కాళ్ల దగ్గర ఉంది. బుల్లిరాజూ దేవరాజూ నేల చూపులు చూస్తున్నారు.

"అయ్యిందామ్మా?"

"అయ్యిందండి నాన్నా. క్వాలిఫై అయ్యాను."

"అల్‌హందులిల్లా!" అని ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఆ సంతోషంలో నటన లేదు. అదే ఆమెను ఇంకా కోసింది.

"చెవుల్లో గాలి హోరు పెట్టిందండి నాన్నా. అందుకని చేతులు..."

"ఆయ్, పెడద్ది. గ్రౌండు గదా." ఆయన కోటు జేబులోంచి ఫోను తీశాడు. "నువ్వు గట్టు మీద ఏది వినేదానివో అది పెట్టు."

"ఇప్పుడెందుకండి. ఇంటికెళ్లాక..."

"పెట్టమ్మా."

పెట్టింది. ఒక ఇయర్‌ఫోను ఆయన చెవిలో ఉంచింది. సత్తార్ మాస్టారు కళ్లు మూసుకున్నాడు. కర్ర ఒకటి తీసుకుని డ్రమ్ము అంచు మీద ఆ దరువు వెంట కొట్టసాగాడు. నాలుగు దెబ్బలు కలిశాయి. తర్వాత కర్ర వెనకబడింది. ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ వెనకబడింది. మూడోసారి పళ్లు బిగించి కొట్టాడు, కర్ర జారి సోడాబండి కిందికి దొర్లింది. తీసివ్వడానికి ఎవరూ వంగలేదు. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు, సైదాబీ కూతురి చేతుల్ని ఆపినట్టే.

"బుల్లిరాజూ, ఎన్నాళ్లయిందిరా?"

బుల్లిరాజు క్లారినెట్టును తుడిచిందే తుడుస్తున్నాడు. "మీ చెయ్యెంతో మా లెక్క అంతేనండి మాస్టారూ."

"నేనడిగింది అది కాదురా."

దేవరాజే మెల్లగా అన్నాడు. "రెండు సీజన్లు అయ్యుంటదండి."

మాస్టారు కోప్పడలేదు. వీడియో చివరిదాకా విన్నాడు. క్లారినెట్టు కూత దగ్గర, అలవాటు కొద్దీ, ఆయన గడ్డం పైకి లేచింది. అయిపోయాక ఇయర్‌ఫోను తీసి కూతురి అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"బాగా వాయించాడమ్మా వీడు," అన్నాడు. "నీకు ఇన్నాళ్లూ వీడు దొరికాడు గనక సరిపోయింది."

"అది మీరేనండి నాన్నా," అంది గుల్నాజ్. ఇక ఏడుపు ఆగలేదు.

"నేనేలే. కాదన్నానా?"

ఆయన లేచాడు. వంగి బండి కింది కర్ర తీసి, డ్రమ్ము పట్టీ దేవరాజు మెడలో వేసి, కర్రలు చేతికిచ్చాడు. దేవరాజు వెనక్కి జరగబోతే భుజం పట్టి నిలబెట్టాడు. "నా కూతురు సగం పోలీసైంది. ఇంటిదాకా మేళంతో పోదాం. ఉరుకు దరువే ఎత్తుకో. ఈ ఫోనులో వాడు కొట్టినంత ఉరుకు. నా వైపు చూడకు."

దేవరాజు కర్రలు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత కొట్టాడు. వేగంగానే కొట్టాడు. పెద్ద డ్రమ్మును హెప్సిబా భుజానికి తగిలించుకుంది. బుల్లిరాజు ఏడుస్తూనే ఊదాడు. రోడ్డు మీది వాళ్లు పెళ్లికొడుకు ఎక్కడా అని వెతికారు.

సత్తార్ మాస్టారు మేళం ముందు నడిచాడు. చేతులు ఊరికే ఉండలేక వీపు వెనక కట్టుకున్నాడు. వెనకనుంచి ఉరుకు దరువు తరుముతూనే ఉంది. గుల్నాజ్ ఆయన పక్కన, ఆయన నడకకు సరిపడా మెల్లగా నడిచింది.